కౌన్సెలింగ్ ఎవరి పక్షాన?

(ఉక్కునగరంలో జరిగిన మహిళా సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో విద్యార్థులకి కౌన్సెలింగ్ ఎలా ఉంది, దానికున్న ఇబ్బందులేమిటి అనే విషయం మీద మాట్లాడమని నన్ను అడిగారు. ముందు ఈ మాట సంగతి తేల్చుకుందాం. మన దగ్గర 18 ఏళ్ల పిల్లకి కౌన్సెలింగ్ అనగానే ఏం గుర్తొస్తుంది? ఎంసెట్. ఇప్పుడు దాని పేరు ఈఏపీసెట్ అయింది గానీ, ర్యాంకు చూపించి సీటు తెచ్చుకునే తతంగాన్ని మాత్రం ఇంకా కౌన్సెలింగ్ అనే అంటున్నాం. తర్వాత గుర్తొచ్చేది పోలీస్ స్టేషన్. రౌడీషీటర్లని వరసగా నిలబెట్టి సీఐగారు ఇచ్చేది కౌన్సెలింగ్. ఇంట్లో చెప్పకుండా పెళ్లి చేసుకున్న జంటనీ, వాళ్ల అమ్మానాన్నల్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి చేసేదీ కౌన్సెలింగే. హాస్టల్‌కి పావుగంట ఆలస్యంగా వచ్చిన అమ్మాయిని వార్డెన్ గదిలో నిలబెట్టి అరగంట తిడితే, ఆ పిల్ల గదికి వెళ్లి "ఇవాళ నాకు కౌన్సెలింగ్ అయింది" అని నవ్వుతూ చెబుతుంది. ఇక కౌన్సెలర్ అంటే మున్సిపాలిటీకి ఎన్నికైన మనిషి అనుకునేవాళ్లు కూడా తక్కువేం లేరు.

వీటన్నిటికీ ఒక పోలిక ఉంది. ఒకరు చెబుతారు, ఇంకొకరు తలొంచుకుని వింటారు. చెప్పేవాళ్ల చేతిలో సీటో, లాఠీయో, హాస్టల్ తాళమో ఉంటుంది. మనం ఇవాళ మాట్లాడుకునే కౌన్సెలింగ్‌లో ఇది తలకిందులవ్వాలి. అక్కడ విద్యార్థిని మాట్లాడాలి, కూర్చున్నవాళ్లు వినాలి. అలా వినే మనుషులు మన యూనివర్సిటీల్లో చాలినంతమంది లేరన్నది నిజమే. కానీ నన్ను ఎక్కువగా బాధపెడుతున్న ప్రశ్న వేరే ఉంది. ఆ ఉన్న ఒక్క కౌన్సెలర్ ఎవరి మనిషి? ఆ అమ్మాయి మనిషా, వార్డెన్ మనిషా, రిజిస్ట్రార్ మనిషా, ఇంట్లోవాళ్ల మనిషా?

ఈ విషయం గురించి దేశమంతా మాట్లాడుకునేలా చేసిన కేసు మన నగరంలో పుట్టింది. 2023 జులైలో, నీట్ శిక్షణ కోసం పశ్చిమ బెంగాల్ నుంచి విశాఖపట్నం వచ్చి హాస్టల్లో ఉంటున్న 17 ఏళ్ల అమ్మాయి చనిపోయింది. పోలీసు దర్యాప్తు మీద నమ్మకం కుదరక, సిబిఐ దర్యాప్తు కావాలని ఆ తండ్రి హైకోర్టుకి వెళ్లాడు. అక్కడ కాదన్నారు. సుప్రీంకోర్టుకి వెళ్లాడు. 2025 జులై 25న జస్టిస్ విక్రమ్‌నాథ్, జస్టిస్ సందీప్ మెహతాల ధర్మాసనం దర్యాప్తుని సిబిఐకి అప్పగించింది. అక్కడితో ఆగలేదు. మానసిక ఆరోగ్యం రాజ్యాంగంలోని 21వ అధికరణం ఇచ్చే జీవించే హక్కులో భాగమని చెప్పి, బడుల నుంచి విశ్వవిద్యాలయాల దాకా, కోచింగ్ సెంటర్లకీ హాస్టళ్లకీ కూడా వర్తించేలా 15 మార్గదర్శకాలు ఇచ్చింది. తగిన చట్టం వచ్చేదాకా వీటినే చట్టంగా పాటించాలంది.

విశాఖ పేరు స్త్రీల హక్కుల చరిత్రలోకి రావడం ఇది రెండోసారి కదా అని ఒక మిత్రురాలు నాతో అంది. 1997 నాటి విశాఖ తీర్పు ఆమె మనసులో ఉంది. ఆ విశాఖ మన ఊరు కాదు, రాజస్థాన్‌లోని మహిళా సంస్థ పేరు. ఈసారి మాత్రం మన ఊరే. సంతోషించే సంగతి ఏమీ కాదు.

ఆ తీర్పులో జాతీయ నేర నమోదు సంస్థ లెక్కలు ఉదహరించారు. 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. అందులో 2,248 మరణాలకి పరీక్ష తప్పడం నేరుగా కారణమని ఉంది. మనందరం విద్యార్థి ఆత్మహత్య అనగానే మార్కులు, ర్యాంకులు, కార్పొరేట్ కాలేజీలు అంటాం. అది అబద్ధం కాదు. కానీ మిగతా పదివేల పైచిలుకు మంది సంగతేమిటి? వాళ్ల వెనక ఇల్లుంది, డబ్బుంది, కులముంది, జబ్బుంది, ప్రేముంది, ఇష్టంలేని పెళ్లుంది, ఫోనులో ఫొటోలు పెట్టుకుని బెదిరించే మనిషున్నాడు. పరీక్షల భయానికైతే తరగతిలో నలుగురి ముందూ ధైర్యం చెప్పొచ్చు. ఇవన్నీ తలుపు వేసుకుని చెప్పుకోవలసినవి.

ఇప్పుడు తీర్పు ఏం చెప్పిందో చూద్దాం. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థా శిక్షణ పొందిన కౌన్సెలర్‌నో సైకాలజిస్టునో సోషల్ వర్కర్‌నో కనీసం ఒకరిని నియమించాలంది. దీన్ని చాలామంది "వందమందికి ఒకరు" అని చెప్పుకుంటున్నారు. అలా లేదు. నూట ఒక్కమంది ఉన్న కాలేజీలోనూ ఒకరే, పదివేలమంది ఉన్న యూనివర్సిటీలోనూ ఒకరే ఉన్నా, అక్షరం వరకూ పాటించినట్టే. విద్యార్థుల సంఖ్యకి తగినంతమంది కౌన్సెలర్లు ఉండాలని కూడా తీర్పులో ఉంది గానీ, ఆ తగినంత అంటే ఎంతో అంకె లేదు. అమెరికాలో యూనివర్సిటీ కౌన్సెలింగ్ కేంద్రాలకి గుర్తింపునిచ్చే సంస్థ వెయ్యి నుంచి పదిహేనువందల మందికి ఒకరని లెక్క పెట్టుకుంది. మన అధికారుల అలవాటు నాకు తెలుసు కనక చెబుతున్నాను, "కనీసం ఒకరు" అంటే "ఒకే ఒకరు" అని అర్థమైపోతుంది.

ఆ ఒక్కరైనా రావాలంటే పోస్టు మంజూరవ్వాలి. రాష్ట్ర విశ్వవిద్యాలయాలకి ప్రభుత్వం ఇచ్చే బ్లాక్ గ్రాంటు జీతాలకీ పెన్షన్లకీ పోగా మిగిలేది అంతంతమాత్రం. చదువు చెప్పేవాళ్ల పోస్టులకే దిక్కులేదు. 2023లో రాష్ట్రంలోని యూనివర్సిటీల్లో 3,220 అధ్యాపక పోస్టులకి ప్రకటన వస్తే, అది కోర్టు కేసులతో ఆగింది. అలాంటప్పుడు కౌన్సెలర్ పోస్టు ఎవరికి గుర్తుంటుంది? కాబట్టి ఏం చేస్తారంటే, సైకాలజీ విభాగంలోనో సోషల్ వర్క్ విభాగంలోనో పాఠం చెప్పే ఒక మేడానికి అదనపు బాధ్యతగా అప్పగిస్తారు. లేదా పదకొండు నెలల కాంట్రాక్టు మీద ఒక అమ్మాయిని పెడతారు. ఆ మేడం మంచిదే కావచ్చు. కానీ ఇంటర్నల్ మార్కులు వేసేదీ, వైవాలో కూర్చునేదీ కూడా ఆమే. ఇక కాంట్రాక్టు మనిషికి, "ఆ విద్యార్థిని ఏం చెప్పింది?" అని పైఅధికారి అడిగితే చెప్పననే ధైర్యం ఎక్కడినుంచి వస్తుంది? వచ్చే ఏడు ఆమె కాంట్రాక్టు పొడిగించేది ఆయనే కదా.

ఇక్కడ ఒక చిన్న పక్కమాట. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో 1960ల నుంచీ సైకాలజీతో పాటు పారాసైకాలజీ కూడా చదువుకునే విభాగం ఉంది. ఎదుటివాళ్ల మనసులో ఉన్నది వాళ్లు చెప్పకుండానే తెలుసుకోగలమా అని శాస్త్రీయంగా పరిశోధించారు. మన వార్డెన్లకీ, రెక్టార్లకీ ఆ శక్తి ఇంకా రాలేదు. కాబట్టి పిల్లలు నోరువిప్పి చెప్పుకునే చోటు ఒకటి ఉండాల్సిందే.

చెప్పుకునే చోటు ఎలా ఉంటోందో చెబుతాను. కొన్నేళ్ల కిందట నేను ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో విద్యార్థినుల హాస్టళ్ల గురించి తెలుసుకోవడానికి వెళ్లాను. పేరు చెప్పను. కౌన్సెలింగ్ గది పరిపాలనా భవనంలో ఉంది, ఎగ్జామ్ సెక్షన్ పక్కనే. ఫీజు కట్టడానికీ మెమోల కోసమూ వచ్చే జనమంతా ఆ తలుపు ముందే వరసలో నిలబడతారు. వేళలు పది నుంచి అయిదు, అంటే సరిగ్గా తరగతులు జరిగే వేళలు. తలుపు దగ్గర బల్లమీద ఒక రిజిస్టరు. పేరు, తరగతి, హాస్టల్ గది నంబరు, తండ్రి లేదా సంరక్షకుడి ఫోన్ నంబరు, చివరిగా "సమస్య" అని ఒక గడి. ఆ గడి నింపేది అటెండరు. నేను చూసిన పేజీలో మూడు చోట్ల "ప్రేమ వ్యవహారం" అనీ, ఒకచోట "ఇంటి సమస్య" అనీ ఉంది. కొత్తగా వచ్చిన ఏ అమ్మాయి అయినా తన పేరు రాసుకునే ముందు పైవాళ్ల సమస్యలు చదువుతుంది. చదివాక ఏం చేస్తుంది? పెన్ను అక్కడ పెట్టేసి వెనక్కి వెళ్లిపోతుంది. ఏడాది చివర్లో ఆ రిజిస్టరు చూసి, "మా విద్యార్థినులకి సమస్యలు తక్కువ, ఎవరూ రావడం లేదు" అని నివేదిక రాస్తారు. నాకు ఆ నివేదిక చూపించారు కూడా.

అక్కడి హాస్టల్లోనే, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఎమ్మెస్సీ చదువుతున్న అమ్మాయిని అడిగాను, నువ్వెప్పుడైనా ఆ గదికి వెళ్లావా అని. "సెప్తే ఇంటికాడ తెలిసిపోద్ది మేడం. సదువు మాన్పించేసి పెళ్లి సేసేస్తారు" అంది. ఆ పిల్లకి కౌన్సెలింగ్ అంటే నమ్మకం లేక కాదు, సిగ్గూ కాదు. లెక్క వేసుకుంది. చెబితే ఏం పోతుందో చూసుకుంది. మగపిల్లాడు దిగులుగా ఉన్నాడని తెలిస్తే ఇంట్లో కంగారుపడతారు. ఆడపిల్ల దిగులుగా ఉందని తెలిస్తే సంబంధాలు చూస్తారు. అందుకే గోప్యత అన్నది మగపిల్లాడికి మర్యాద కావచ్చు, ఆడపిల్లకి మాత్రం చదువుకునే హక్కుతో ముడిపడిన సంగతి.

వాల్తేరుకి చదువుకోవడానికి వచ్చిన తొలితరం స్త్రీలలో దుర్గాబాయ్ ఒకరు. 1930లలో ఆమె బి.ఏ. చదవాలని వస్తే, ఆడపిల్లలకి హాస్టల్ లేదని వైస్‌ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డిగారు సీటివ్వడానికి వెనకాడారు. ఆమె పత్రికలో ప్రకటన వేసి, చదవాలనుకుంటున్న స్త్రీలని కూడగట్టి, వాళ్లే హాస్టల్ ఏర్పాటు చేసుకునేలా చేసింది. స్త్రీలు తమకోసం తాము పెట్టుకున్న ఇల్లు అది. తర్వాత తొంభై ఏళ్లలో హాస్టళ్లు పెరిగాయి, గోడలూ పెరిగాయి. గేటు మూసే వేళ మగపిల్లలకి ఒకటి, ఆడపిల్లలకి ఒకటి. 2013లో యూజీసీ నియమించిన కార్యదళం 'సక్షమ్' నివేదికలో, భద్రత పేరుతో ఆడపిల్లల మీద ప్రత్యేక ఆంక్షలు పెట్టకూడదని స్పష్టంగా రాసింది. ఆ నివేదిక చదివిన వార్డెన్ నాకింకా కనపడలేదు.

సుప్రీంకోర్టు మార్గదర్శకాల్లో భవనాల రక్షణ గురించి కూడా ఉంది. డాబాల మీదికి రాకపోకలు నియంత్రించాలన్నది అందులో ఒకటి. ఆ క్షణాన దారి మూసి ఉంటే ప్రాణాలు నిలుస్తాయని ప్రపంచంలో చాలాచోట్ల రుజువైంది, నేను దాన్ని కాదనను. కానీ ఒక సంగతి గమనించండి. 15 మార్గదర్శకాల్లో మన సంస్థలు ముందుగా పాటించేది ఏది? బజారులో కొనుక్కొచ్చి బిగించగలిగేది. తాళం చవక, మనిషి ఖరీదు. పైగా ఆడపిల్లల హాస్టల్లో ఆ డాబా ఒక్కటే గాలి ఆడే చోటు. బట్టలు ఆరేసుకునేదీ, అమ్మతోనో స్నేహితురాలితోనో ఎవరూ వినకుండా ఫోన్ మాట్లాడుకునేదీ అక్కడే. ఆ తలుపు మూశాక మాట్లాడుకోవడానికి ఇంకో తలుపు తెరవాలి కదా. 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన టెలిమానస్ 14416 నంబరుకి రాత్రీపగలూ ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడొచ్చు. ఇక్కడున్నవాళ్లంతా ఆ నంబరు మీ ఫోన్లలో రాసుకోండి. కానీ గదికి ఆరుగురున్న హాస్టల్లో, రాత్రి పదకొండు గంటలకి, ఆ ఫోన్ ఎక్కడ నిలబడి చేస్తారు?

మన మహిళా సంఘాలకి కౌన్సెలింగ్ కొత్త మాట కాదు. 1983లో 498ఎ వచ్చాక, వరకట్నం కోసం తన్నులు తిన్న స్త్రీ పోలీసుల దగ్గరికి వెళితే ఫిర్యాదు రాసుకునే ముందే "కౌన్సెలింగ్" అనేవారు. 1953లో దుర్గాబాయ్ తొలి అధ్యక్షురాలిగా మొదలైన కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు, 1980లలో కుటుంబ సలహా కేంద్రాలు తెరిపించింది. కొన్నిచోట్ల నిజంగా స్త్రీల పక్షాన నిలబడిన కార్యకర్తలు ఉండేవారు, వాళ్లని నేను తక్కువ చేయను. చాలాచోట్ల మాత్రం కాపురం నిలబెట్టడమే విజయంగా లెక్కపెట్టారు. ఎంతమందిని రాజీ చేశారన్నది నివేదికలో ఒక అంకె. రాజీ పడి తిరిగి వెళ్లిన స్త్రీ తర్వాత ఏమైందన్నదానికి గడి లేదు. ఇవాళ క్యాంపస్‌లో లైంగిక వేధింపుల మీద అంతర్గత కమిటీకి ఫిర్యాదు చేయాలనుకునే అమ్మాయిని ముందు కౌన్సెలింగ్‌కి పంపుతున్నారంటే నాకు ఆ పాత రోజులే గుర్తొస్తాయి. "నీ చదువు పాడవుతుంది, అతని భవిష్యత్తు పోతుంది, ఆలోచించుకో" అని చెప్పడానికి కౌన్సెలర్ అక్కర్లేదు, ఊళ్లో పెద్దమనుషులు చాలు. 2013 చట్టం ప్రకారం కమిటీ దగ్గర సయోధ్య అన్నది బాధితురాలు తనంతట తాను అడిగితేనే. కౌన్సెలర్ పని ఆమెకి తోడుగా ఉండటం, ఫిర్యాదు వద్దని నచ్చజెప్పడం కాదు.

ఇప్పుడు మీలో చాలామంది మనసులో ఉన్న ప్రశ్న దగ్గరికి వస్తాను. ఇక్కడ కూర్చున్నవాళ్లలో ఎక్కువమంది తల్లులు. "అంటే నా కూతురు చచ్చిపోవాలనుకుంటోందని కౌన్సెలర్‌కి తెలిసి, నాకు చెప్పకూడదంటారా?" అని అడుగుతారు. అడగాలి కూడా. ఇది తేలిక ప్రశ్న కాదు, నేను దీన్ని సిద్ధాంతంతో దాటెయ్యను. ప్రాణానికి ప్రమాదం ఉన్నప్పుడు గోప్యత ఆగిపోతుంది. ప్రపంచంలో ఎక్కడైనా ఈ వృత్తి నియమం ఇదే. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో 23వ సెక్షన్ కూడా గోప్యతని హక్కుగా చెబుతూనే, ప్రాణాపాయం, హాని ఉన్నప్పుడు మినహాయింపులు ఇచ్చింది. అప్పుడు కూడా ఎవరికి చెప్పాలన్నది ఆ అమ్మాయినే అడగాలి. అమ్మకా, అక్కకా, మేనత్తకా, స్నేహితురాలికా? కొందరు పిల్లలకి ప్రమాదం వస్తున్నదే ఇంట్లోంచి. పుస్తకంలో ఉన్న తండ్రి నంబరుకి యాంత్రికంగా ఫోన్ చేస్తే, ఆ ఫోన్ కాలే ఆమెని తోసేయొచ్చు.

మిగతా వాటన్నిటికీ, అంటే దిగులుకీ, ప్రేమకీ, నిద్రపట్టకపోవడానికీ, చదువు మీద మనసు పోకపోవడానికీ 18 నిండిన స్త్రీ చట్టం దృష్టిలో పెద్దది. ఓటేస్తుంది. ఆమె మాట ఇంటికి చేరవేసే అధికారం ఎవరికీ లేదు. కష్టమైనా దీన్ని తల్లులుగా మనం ఒప్పుకోవాలి. కూతురు మనకి చెప్పనిది ఇంకెవరికైనా చెప్పిందంటే, కనీసం ఎవరికో ఒకరికి చెప్పిందని ఊపిరి పీల్చుకోవాలి.

చట్టంలోనే ఇక్కడ ఒక కంత ఉంది. 2017 చట్టం మాట్లాడేది మానసిక అనారోగ్యం ఉన్నవాళ్ల గురించి, వాళ్లకి వైద్యం చేసేవాళ్ల గురించి. హాస్టల్లో దిగులుపడుతున్న అమ్మాయి రోగి కాదు. ఎమ్మే సైకాలజీ చదివి కాంట్రాక్టు మీద వచ్చిన కౌన్సెలర్‌ని ఆ చట్టం మానసిక ఆరోగ్య వృత్తినిపుణుల్లో లెక్కపెట్టదు. మరి వాళ్లిద్దరి మధ్య జరిగిన మాటలకి కాపలా ఏది? యూనివర్సిటీ తనంతట తాను నియమం రాసుకోవాలి. ఈ గదిలో చెప్పినది వార్డెన్‌కి వెళ్లదు, విభాగానికి వెళ్లదు, క్రమశిక్షణ కమిటీకి వెళ్లదు, కాండక్ట్ సర్టిఫికెట్ మీద పడదు అని కాగితం మీద, పాలకమండలి ఆమోదంతో ఉండాలి.

చిన్నపిల్లల విషయంలో చిక్కు ఇంకా ఎక్కువ. 2008లో పెట్టిన రాజీవ్‌గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం పల్లెల్లో పదో తరగతి పాసైన పిల్లల్ని ఆరేళ్ల చదువుకి చేర్చుకుంటుంది. పేరుకి యూనివర్సిటీ, వచ్చేది 15, 16 ఏళ్ల పిల్లలు. 2012 పోక్సో చట్టం ప్రకారం 18 లోపు వాళ్ల మీద లైంగిక నేరం జరిగిందని తెలిస్తే పోలీసులకి చెప్పి తీరాలి, చెప్పకపోతే శిక్ష. ఇద్దరూ ఇష్టపడినదైనా చట్టానికి తేడా లేదు. 16 ఏళ్ల అమ్మాయి వచ్చి తన ప్రేమ గురించి చెబుతుంటే కౌన్సెలర్ ఎక్కడ ఆగమనాలి? దీనికి సులువైన జవాబు లేదు గానీ, నిజాయితీ ఉన్న పద్ధతి ఒకటుంది. మాటలు మొదలవ్వకముందే, "నువ్వు చెప్పేవాటిలో నేను బయటికి చెప్పి తీరాల్సినవి ఇవి, ఎన్నటికీ చెప్పనివి ఇవి" అని ఆ పిల్లకి తెలుగులో, అర్థమయ్యేట్టు చెప్పాలి. ఆ తర్వాత ఎంతవరకు చెప్పాలో తను నిర్ణయించుకుంటుంది. ఇప్పుడు మనం ఆ నిర్ణయం కూడా పిల్లల చేతిలో ఉంచడం లేదు.

ఇన్ని మాటలు చెప్పి, కౌన్సెలింగే అన్నిటికీ మందని నేను అంటున్నానని అనుకోకండి. 2016 జనవరి 17న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రోహిత్ వేముల చనిపోయాడు. అంతకుముందు అతన్నీ, మరో నలుగురు దళిత పరిశోధక విద్యార్థుల్నీ హాస్టళ్లలోంచి బయటికి పంపారు. వాళ్లు ఆరుబయట డేరా వేసుకుని, దానికి వెలివాడ అని పేరు పెట్టుకున్నారు. ఫెలోషిప్ డబ్బు అతనికి నెలల తరబడి అందలేదు. తర్వాత ప్రభుత్వం వేసిన రూపన్వాల్ కమిషన్ యూనివర్సిటీ చర్యలు కారణం కాదు, వ్యక్తిగత నిరాశే కారణమని రాసింది. అన్యాయాన్ని నిరాశ అని పేరు మార్చడం ఎంత సులువో చూడండి. హాస్టల్ గదీ, ఫెలోషిప్పూ తిరిగి ఇవ్వాల్సిన చోట "మనసు దిటవు చేసుకో" అని చెప్పే కౌన్సెలర్‌ని పెడితే అది మోసం. 2019లో రోహిత్ తల్లి రాధిక వేముల, ముంబయిలో చనిపోయిన డాక్టర్ పాయల్ తడ్వి తల్లి ఆబేదా తడ్వి కలిసి క్యాంపస్‌లలో కులవివక్ష మీద సుప్రీంకోర్టుకి వెళ్లారు. వాళ్లు అడిగినది ఓదార్పు కాదు. 2022 జూన్‌లో బాసరలో వారం పాటు ఎండలోనూ వానలోనూ బైఠాయించిన పిల్లలు అడిగినవీ పూర్తికాలపు వైస్‌ఛాన్సలర్, అధ్యాపకులు, తినగలిగే తిండి.

ఈ ఉక్కునగరంలోనే చూడండి. 2021 జనవరిలో కేంద్రం ఫ్యాక్టరీ అమ్మకానికి నిర్ణయం తీసుకున్నప్పటి నుంచీ ఎన్ని ఇళ్లలో భోజనాల దగ్గర మాటలు మారిపోయాయో మీకు నేను చెప్పక్కర్లేదు. జీతాలు ఆలస్యమైన నెలలు, వీఆర్ఎస్ లెక్కలు, పని పోయిన కాంట్రాక్టు కార్మికులు. ఆ ఇళ్ల పిల్లలే యూనివర్సిటీలో కూర్చుని ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదు, హాల్ టికెట్ ఇస్తారో ఇవ్వరో అని బెంగపెట్టుకుంటున్నారు. అలాంటి పిల్ల వస్తే కౌన్సెలర్ ఏం చేయాలి? వినాలి, సరే. విన్నాక రిజిస్ట్రార్‌కి రాయగలగాలి. పేర్లు బయటపెట్టకుండా, "ఈ నెల నా దగ్గరికి వచ్చినవాళ్లలో ఇంతమంది నిద్రపోకపోవడానికి కారణం మీ ఫీజు నోటీసు" అని చెప్పే అధికారం ఆ ఉద్యోగానికి ఉండాలి. విద్యార్థి గురించి యూనివర్సిటీకి చేరవేసే మనిషిగా కాకుండా, యూనివర్సిటీ గురించి యూనివర్సిటీకే చెప్పే మనిషిగా.

పాడేరు, అరకు వైపు నుంచి వచ్చే ఆదివాసీ అమ్మాయిల గురించి కూడా చెప్పాలి. ఇంట్లో ఒక భాష, బడిలో తెలుగు, యూనివర్సిటీలో ఇంగ్లీషు. కౌన్సెలింగ్ ఫారం ఇంగ్లీషులో ఉంటుంది, ప్రశ్నావళి అమెరికాలో తయారైనది. మన పిల్లలు "డిప్రెషన్" అని చెప్పరు. తలనొప్పి అంటారు, ఒళ్లు బరువు అంటారు, ఆకలి లేదంటారు, బెంగ అంటారు. హాస్టల్ డిస్పెన్సరీలో మాత్ర ఇచ్చి పంపించేస్తారు. మరీ ఎక్కువైతే వాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాలకి వెళ్లమంటారు. అక్కడి డాక్టర్లు సమర్థులే. కానీ ఊరు దాన్ని ఇంకా పిచ్చాసుపత్రి అనే పిలుస్తుంది. పెళ్లికాని పిల్ల ఆ గేటులోంచి రావడం ఎవరైనా చూస్తే ఏమవుతుందో ఇక్కడున్న అందరికీ తెలుసు. మధ్యలో ఏ మెట్టూ లేకుండా మాత్ర నుంచి మానసిక వైద్యశాలకి ఒక్కసారే దూకమంటున్నాం.

ఏం చేద్దామన్నది నిన్న సాయంత్రం మన సంఘం మిత్రులతో కూర్చుని మాట్లాడాం. తీర్పు ప్రకారం ప్రతి జిల్లాలోనూ కలెక్టర్ అధ్యక్షతన పర్యవేక్షణ కమిటీ ఉండాలి. సంస్థలు ఏటా తాము చేసినది నివేదికగా పంపాలి. సిబ్బందికి ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. కాబట్టి సమాచార హక్కు చట్టం కింద విశాఖపట్నం, అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు జిల్లాల కలెక్టర్లకీ, ఈ ప్రాంతంలోని ప్రభుత్వ విశ్వవిద్యాలయాలకీ దరఖాస్తులు పెడుతున్నాం. కమిటీ ఎప్పుడు వేశారు, అందులో స్త్రీలు ఎంతమంది? కౌన్సెలర్లు ఎంతమంది, పోస్టు శాశ్వతమా, కాంట్రాక్టా? వాళ్లకి పాఠాలు, మార్కులు, వార్డెన్ పని కూడా అప్పగించారా? గది ఎక్కడుంది, సాయంత్రం ఆరు తర్వాత తెరిచి ఉంటుందా? గోప్యత గురించి రాతపూర్వకమైన నియమం ఉందా, ఉంటే నకలు ఇవ్వండి. రిజిస్టరులో ఏయే గడులున్నాయి, దాన్ని ఎవరెవరు చూడొచ్చు?

దరఖాస్తులు టైపు చేసి బయట బల్లమీద పెట్టాం. ఒక్కోదానికి పది రూపాయలు ఫీజు. మీ మీ పేర్లతో పెడితేనే ఎక్కువ దరఖాస్తులు వెళ్తాయి, టీకి లేచినప్పుడు సంతకాలు చేయండి. ఆ లోపల ప్రశ్నలుంటే అడగండి.